ఇంట్లో పాత పద్మినికి రంగు వేయాలంటే: ఏ పెయింట్, ఏ గమ్, ఎందుకు

తమ్ముడూ, మీరు రాసింది నాకు అర్థమైనంతవరకు ఇదీ సంగతి. అనంతపురంలో మీ ఇంటి వెనక రేకుల షెడ్డులో తాతగారి 1984 ప్రీమియర్ పద్మిని కారు ఉంది. ఇంజన్ బాగానే తిరుగుతోంది. రంగు వెలిసిపోయి అక్కడక్కడా పొక్కులు లేచాయి. డ్రైవర్ కాళ్ళ దగ్గర ఫ్లోర్ తుప్పు పట్టి చిల్లులు పడింది. పైకప్పు లైనింగ్ ఊడి నెత్తికి తగులుతోంది. చిన్న కంప్రెసర్ కొన్నారు. ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్ రంగు) వేయాలా, టూకే పీయూ (హార్డెనర్ కలిపి వేసే రెండు డబ్బాల పాలీయురేతేన్ రంగు) వేయాలా, చిల్లులకు ఎం-సీల్ పెట్టొచ్చా, లైనింగ్‌కీ డోర్ రబ్బర్లకీ ఏ గమ్ వాడాలి అని అడిగారు.

కర్నూలు, అనంతపురం జిల్లాల్లో పాత ఫియట్ల, అంబాసిడర్ల మధ్యే నా జుట్టు నెరిసింది కాబట్టి నా సలహా ముందే చెప్పేస్తాను. తుప్పు తీయడం నుంచి ప్రైమర్ దాకా ఇంట్లో చేసుకోండి. పై కోటు టూకే కావాలంటే బండిని బూత్ (రంగు కొట్టడానికి మూసి కట్టిన గది) ఉన్న షాపుకు తీసుకెళ్ళి స్ప్రే గన్ పని వరకు వాళ్ళతో చేయించండి. కాదు, గన్ నా చేత్తోనే పట్టాలి అంటారా, అప్పుడు ఎన్‌సీ వేసుకోండి. చాలామంది దీనికి ఒప్పుకోరు. టూకే వేస్తే మెరుపు ఇట్టే వస్తుంది కదా అంటారు. వస్తుంది, కాదనను. కానీ టూకే హార్డెనర్‌లో ఐసోసయనేట్ అనే రసాయనం ఉంటుంది. గన్ నుంచి పొగమంచులా లేచినప్పుడు అది ఊపిరితిత్తుల్లోకి వెళ్తే ఆస్తమా తెప్పిస్తుంది. ఒకసారి ఒంటికి పడకుండా పోయిందంటే ఆ తర్వాత కొంచెం తగిలినా ఆయాసమే. నల్ల బొగ్గు ఫిల్టర్ల మాస్క్ ఉంది కదా అని ధైర్యపడొద్దు. ఐసోసయనేట్‌కు హెచ్చరించే వాసన లేదు, ఫిల్టర్ నిండిపోయిన సంగతి మీకు తెలియదు. బయటినుంచి శుభ్రమైన గాలి పైపులో వచ్చే మాస్క్ పెట్టుకుని, ఒళ్ళంతా, కళ్ళు కూడా కప్పుకుని చేయాల్సిన పని అది. ఇంటి షెడ్డులో, పక్కింటి మేడ మీద వడియాలు, బట్టలు ఆరేసిన చోట చేసేది కాదు.

ఇప్పుడు మొదటినుంచి చూద్దాం. బండి మీద ఇప్పుడున్న రంగు ఏదో తెలియకుండా కొత్త డబ్బా కొనొద్దు. నలభై ఏళ్ళలో ఎవరెవరు ఏం పూశారో మీకు తెలియదు. డిక్కీ లోపలో, డోర్ అంచు దగ్గరో కనిపించని చోట చూసుకుని, దూదిని ఎన్‌సీ థిన్నర్‌లో ముంచి అర నిమిషం అదిమి పట్టండి. దూదికి రంగు అంటుకుని వచ్చేస్తే అది ఎన్‌సీ. రంగు ముడతలు పడి పొరలా లేస్తే ఎవరో సింథటిక్ ఎనామిల్ కొట్టారన్నమాట. ఏమీ కాకుండా నిలిచిందంటే టూకే అయినా అయి ఉండాలి, వేడిలో కాల్చిన రంగయినా అయి ఉండాలి. బానెట్ మీద ఒకటి, వెనక మడ్గార్డ్ మీద ఇంకొకటి తేలడం మామూలే. యాక్సిడెంట్ అయినప్పుడల్లా ఒక్కో షాపులో ఒక్కో రంగు పడి ఉంటుంది.

ఈ పరీక్ష ఎందుకంటే, పెయింట్ పనిలో సగం గొడవలు ఒక పొరకూ ఇంకో పొరకూ పడకపోవడం వల్లే వస్తాయి. ఎన్‌సీ అనేది థిన్నర్ ఆవిరైపోతే ఎండిపోయే రంగు. మళ్ళీ థిన్నర్ తగిలితే మళ్ళీ కరుగుతుంది. సింథటిక్ ఎనామిల్ గాలితో కలిసి నెమ్మదిగా గట్టిపడుతుంది. దానిమీద ఎన్‌సీ కొడితే అందులోని ఘాటైన థిన్నర్ కింది పొరను ఉబ్బించి ముడతలు లేపుతుంది. టూకే హార్డెనర్‌తో రసాయనికంగా బిగుసుకుంటుంది కాబట్టి ఆ తర్వాత థిన్నర్‌కు లొంగదు. అందుకే బాగా గట్టిపడి, ఎమెరీ పట్టించిన టూకే మీద ఎన్‌సీ వేయొచ్చు. ఎన్‌సీ మీద, ఎన్‌సీ పుట్టీ మీద టూకే వేస్తే మాత్రం ఆ రోజు అద్దంలా కనిపించి, రెండు మూడు నెలలకు కింది గీతలన్నీ పైకి తేలతాయి. మీ బండి మీద సింథటిక్ గానీ, మూడు నాలుగు రకాల పొరలు గానీ తేలితే లెక్కలేసుకుంటూ కూర్చోకుండా మొత్తం ఇనుము దాకా తీసేయండి. ఖర్చు ఎక్కువ, కానీ టెన్షన్ తక్కువ.

పాత రంగును పొడిగా రుద్దొద్దు. ఇళ్ళకు వేసే పెయింట్లలో సీసం 90 పీపీఎం మించకూడదని 2016లో కేంద్రం నిబంధన తెచ్చింది. అది కొత్తగా తయారయ్యే ఇంటి రంగులకు. మీ బండి మీదున్న పాత పసుపులో, ఎరుపులో ఏముందో ఎవరికి తెలుసు? వాటర్ పేపర్‌తో తడిపి రుద్దండి, ఆ బురదను తుడిచి మూటకట్టి పారేయండి. పిల్లలు ఆడుకునే చోట వదలొద్దు.

తడి అన్నాను కాబట్టి నీళ్ళ సంగతి కూడా చెప్పాలి. మన బోరు నీళ్ళు ఎంత ఉప్పో మీకు నేను చెప్పక్కర్లేదు, బకెట్‌కు పట్టే తెల్ల పొర చూస్తే చాలు. ఆ నీళ్ళతో రుద్ది అలాగే ఆరబెడితే లవణాలు ఇనుము మీద, ప్రైమర్ మీద మిగిలిపోతాయి. పైన రంగు పడ్డాక అవి గాలిలోని తేమను పొర లోపలికి లాగుతాయి. ఏడాదికి సన్నసన్నగా పొక్కులు లేస్తాయి. బండి నీడలో పెట్టినా లేస్తాయి. రుద్దడానికి బోరు నీళ్ళు వాడుకోండి, ఫర్వాలేదు. చివర కడగడానికి మాత్రం 20 లీటర్ల ఆర్‌ఓ క్యాన్ ఒకటి తెప్పించి దాంతో కడిగి, వెంటనే శుభ్రమైన గుడ్డతో తుడవండి. మన దగ్గర ఇళ్ళలో ఎవరూ పట్టించుకోని పని ఇదే.

ఇనుము బయటపడ్డ రోజే దాన్ని మూయాలి. రెడాక్సైడ్ గేట్లకు, కిటికీ కమ్మీలకు సరిపోతుంది. బండికి, అందులోనూ టూకే కింద, అది పనికిరాదు. ఎపాక్సీ ప్రైమర్ వాడండి. రెండు డబ్బాలు వస్తాయి, డబ్బా మీద రాసిన నిష్పత్తిలోనే కలపాలి, కంటి అంచనాతో కాదు. ఎపాక్సీ హార్డెనర్లు ఎక్కువగా ఎమైన్ రకం, ఐసోసయనేట్ కాదు. అయినా డబ్బా వెనక చదివే కొనండి, అదీ ఇదీ కలిపిన సరుకు కూడా ఉంటుంది. దీనికి కూడా మంచి ఫిల్టర్ మాస్క్, చేతికి తొడుగులు తప్పనిసరి. యాసిడ్ ఉన్న ఎచ్ ప్రైమర్ మీద నేరుగా పాలిస్టర్ లప్పం (గుంటలు నింపే పుట్టీ) పెట్టొద్దు, లప్పం సరిగా బిగుసుకోదు. ఎపాక్సీ అయితే ఆ బాధ లేదు. కొంచెం ఎమెరీ పట్టించి లప్పం పెట్టుకోవచ్చు. ఎపాక్సీని అలాగే ఎండలో నెలల తరబడి వదిలేయకండి, ఎండకు సుద్దలా పొడి రాలుతుంది.

లప్పం విషయంలో మన ఎండకు తగిన జాగ్రత్త ఒకటుంది. ఏప్రిల్, మే మధ్యాహ్నం హార్డెనర్ కలిపి బండి దగ్గరికి వెళ్ళేలోపే గడ్డకడుతుంది. అలాగని హార్డెనర్ మరీ తగ్గించేస్తే అది లోపల మెత్తగా ఉండిపోతుంది. ఎక్కువైతే పైన వేసిన లేత రంగులోంచి మరకలా ఊరుతుంది. బరువులో సుమారు 2 శాతం హార్డెనర్ అని ఎక్కువ డబ్బాల మీద ఉంటుంది. పొద్దున్నే ఆరింటికి మొదలుపెట్టి, కొంచెం కొంచెమే కలుపుకోండి. అట్టముక్క మీద కలపొద్దు, అది లప్పంలోని రసం పీల్చేస్తుంది. గాజు పలకో రేకు ముక్కో పెట్టుకోండి. 2, 3 మిల్లీమీటర్లు దాటి లప్పం పెట్టాల్సి వస్తే అది టింకరింగ్ (సొట్టలు తీసే పని) సరిగా కాలేదని అర్థం, టింకర్‌ని మళ్ళీ పిలవండి. పాలిస్టర్ లప్పం నీళ్ళు పీలుస్తుంది కాబట్టి దాన్ని పొడిగానే రుద్దాలి, ముక్కుకు మాస్క్ కట్టుకుని. 80 నంబర్ ఎమెరీ పేపర్‌తో మొదలుపెట్టి 180, 320 దాకా. పైన ప్రైమర్ పడ్డాక 400, 600 వాటర్ పేపర్ పట్టించుకోవచ్చు.

పై కోటు. మీరు ఎన్‌సీ ఎంచుకుంటే దానిలో మన ఊరికి కలిసొచ్చే గుణం ఒకటుంది. పది పదిహేను నిమిషాల్లో పైపొర ఆరిపోతుంది, దుమ్ము అంటుకునే సమయం తక్కువ. ఒక నలక పడినా రుద్ది మళ్ళీ కొట్టుకోవచ్చు, కొత్త పొర పాత పొరలోకి కరిగి కలిసిపోతుంది. నేర్చుకునేవాడి తప్పులను ఎన్‌సీ క్షమిస్తుంది, టూకే క్షమించదు. 1923లో డ్యూపాంట్ కంపెనీ డూకో పేరుతో తెచ్చింది ఈ జాతి రంగునే. అంతకుముందు కారు రంగు ఆరడానికి రోజులు, వారాలు పట్టేది. ఇప్పటికీ మన షాపుల్లో గన్‌తో కొట్టే రంగు ఏదైనా డూకోనే అంటారు కాబట్టి, దుకాణంలో డూకో ఇవ్వండి అని ఊరుకోకుండా ఎన్‌సీయా టూకేనా స్పష్టంగా అడగండి.

ఎన్‌సీకి లోపాలు లేకపోలేదు. గన్ దించగానే మెరుపు రాదు. పల్చగా ఆరేడు కోట్లు పడాలి, ఆరాక 1500, 2000 పేపర్ పట్టి కాంపౌండ్‌తో పాలిష్ చేయాలి. మందంగా వేస్తే కొన్నేళ్ళకు బీటలిస్తుంది. పెట్రోలు పోయించేటప్పుడు ఒలికితే మచ్చ పడుతుంది. ఎండకు వెలుస్తుంది, కాబట్టి బండికి నీడ కావాలి, ఏడాదికి రెండుసార్లైనా వ్యాక్స్ కావాలి. ఇవన్నీ ఆదివారం బయటకు తీసే తాతగారి బండికి భరించదగ్గవే. రోజూ ఆఫీసుకు వేసుకెళ్ళి ఎండలో నిలబెట్టే బండికైతే నేనే టూకే అంటాను. మెటాలిక్ జోలికి పోకండి. ఆ కాలపు బండికి సాలిడ్ రంగే అందం, పైన క్లియర్ కోటు (రంగులేని పూత) గొడవ కూడా ఉండదు.

టూకే షాపులో వేయించినా దగ్గరుండి ఒకటి చూసుకోండి. టూకేలో ఎన్‌సీ థిన్నర్ కలపకూడదు. ఎన్‌సీ థిన్నర్‌లో ఆల్కహాల్ ఉంటుంది, అది హార్డెనర్‌ను తినేస్తుంది. రంగు మెత్తగా మిగిలిపోతుంది. డబ్బులు మిగులుతాయని ఇలా కలిపేవాళ్ళు ఉన్నారు.

కంప్రెసర్ చిన్నదన్నారు. చిన్న ట్యాంకుతో మొత్తం బానెట్ ఒకే ఊపున కొట్టలేరు, మధ్యలో గాలి తగ్గి రంగు గరుకుగా పడుతుంది. తక్కువ గాలితో పనిచేసే ఎల్‌వీఎల్‌పీ గన్, పై కోటుకు 1.3 లేక 1.4 మిల్లీమీటర్ల నాజిల్, ప్రైమర్‌కు 1.7 దగ్గర తీసుకోండి. ఒక్కో ప్యానెల్ విడదీసి వేసుకుంటే చిన్న కంప్రెసర్ సరిపోతుంది. ట్యాంకు కింద నీళ్ళు రోజూ వదలండి, పైపుకు వాటర్ ట్రాప్ పెట్టండి. గన్ ప్యానెల్‌కు జానెడు దూరంలో ఉండాలి, ఒక చాలు మీద ఇంకో చాలు సగం పడాలి.

కాలం కూడా చూసుకోవాలి. జిల్లాలో ఏడాది వాన 550 మిల్లీమీటర్ల దగ్గరే కాబట్టి తేమ బాధ మనకు తక్కువ. మన బాధ గాలి. ఆషాఢం, శ్రావణంలో ఆ గాలికి షెడ్డులో ఏ రంగూ వేయలేం. ఎండాకాలంలో రంగు ప్యానెల్ చేరేలోపే గాల్లో ఆరిపోయి ఇసుకలా పడుతుంది, నారింజ తొక్కలా కనిపిస్తుంది. నెమ్మదిగా ఆరే థిన్నర్ వాడితే కొంత నయం. దసరా, దీపావళి వానలు పోయాక, నవంబర్ చివరినుంచి ఫిబ్రవరి దాకా పొద్దున ఎనిమిదికీ పదకొండుకీ మధ్య కొట్టుకోండి. షెడ్డులో కడప బండలు పరిచి ఉంటే ముందురోజు కడిగి, వేసేముందు కాస్త తడి చేయండి, దుమ్ము లేవదు. థిన్నర్ ఆవిరి గాలికంటే బరువు, నేలమీద పేరుకుంటుంది. దగ్గర్లో గ్యాస్ పొయ్యి, మామూలు టేబుల్ ఫ్యాన్, ఇన్వర్టర్ ఏవీ ఉండకూడదు. ఎన్‌సీ పొడి కూడా భగ్గుమంటుంది, రుద్దిన గుడ్డలు పోగేసి వదలొద్దు.

ఇక గమ్‌ల సంగతి. ముందు ఎం-సీల్. చిల్లుకు పెట్టొద్దు. అది మంచి సరుకే, నీళ్ళ పైపుకు పెట్టుకోండి. తుప్పు మీద పెడితే కింద తుప్పు పెరుగుతూనే ఉంటుంది, కొన్నాళ్ళకు ముద్దగా ఊడి వస్తుంది. ఫైబర్ గుడ్డ, రెజిన్ కూడా అంతే. పైగా పద్మినికి లారీలాగా విడిగా ఛాసిస్ లేదు, ఫియట్ 1100 నుంచి వచ్చిన మోనోకాక్ బాడీ. ఫ్లోర్, పక్క సిల్‌లు (డోర్ల కింద పొడవునా ఉండే బోలు దూలాలు) కలిసే బండిని మోస్తున్నాయి. అక్కడ ఏ గమ్మూ పనికిరాదు, కొత్తగా వచ్చిన ప్యానెల్ బాండింగ్ ఎపాక్సీలతో సహా. కుళ్ళిన మేర కోసేసి, 20 గేజ్ సీఆర్ (కోల్డ్ రోల్డ్ ఉక్కు) షీట్ పెట్టి వెల్డింగ్ చేయించండి. జీఐ (జింకు పూత) షీట్ వద్దు, వెల్డింగ్‌లో జింకు పొగ వస్తుంది. వెల్డింగ్ ముందు పెట్రోల్ ట్యాంకు తీసి దూరంగా పెట్టించండి. తర్వాత ఎపాక్సీ, ఆ పైన అతుకుల మీద పీయూ సీమ్ సీలర్. దానిమీద రంగు పడుతుంది. సిల్ లోపలికి రంగు పని మొత్తం అయ్యాక క్యావిటీ వ్యాక్స్ (లోపల తుప్పు పట్టకుండా కొట్టే మైనం) కొట్టించండి. డోర్ల కింద నీళ్ళు పోయే రంధ్రాలు ఉంటాయి, వాటిని లప్పంతో, సీలర్‌తో మూసేయకండి.

అసలు ఆ ఫ్లోర్ ఎందుకు కుళ్ళిందో కనుక్కున్నారా? ఇంత ఎండ ఊళ్ళో కింది రోడ్డు తడికి కుళ్ళదు. చాలాసార్లు ముందు అద్దం రబ్బరు గట్టిపడి మూలలోంచి నీళ్ళు కారి మ్యాట్ కింద నిలుస్తాయి, బండి కడిగిన ప్రతిసారీ. విప్పేముందే ఒక మనిషిని లోపల కూర్చోబెట్టి బయటినుంచి పైపుతో అద్దం చుట్టూ నీళ్ళు పోసి చూడండి. పద్మిని అద్దం రబ్బరు గాడిలో నిలిచేది, కొత్త కార్లలాగా అంటించింది కాదు. అందుకని పీయూ విండ్‌షీల్డ్ గమ్‌తో అంటించొద్దు. రేపు తీయాలంటే కోయాల్సి వస్తుంది, అద్దం పగులుతుంది. కొత్త రబ్బరు తెచ్చి అద్దానికి తొడిగి, గాడిలో సన్నని గట్టి తాడు చుట్టి, సబ్బునీళ్ళు రాసి, లోపలినుంచి తాడు లాగుతూ రబ్బరు పెదవిని రేకు అంచు మీదికి ఎక్కించండి. ఇద్దరు మనుషులు కావాలి. ఇంకా కారితే గట్టిపడని మాస్టిక్ (మెత్తని సీలింగ్ ముద్ద) కొంచెం రబ్బరు కింద ఎక్కించండి.

సిలికాన్ సీలెంట్‌ను మాత్రం ఈ షెడ్డులోకే రానీయకండి. వెనిగర్ వాసన వచ్చే రకం వదిలే ఆమ్లం ఉత్త ఇనుమును తుప్పు పట్టిస్తుంది. దాన్ని మించిన నష్టం రంగుకు. సిలికాన్ కొంచెం అంటినా పైన పడ్డ రంగు చిన్న చిన్న గుంటలుగా విడిపోతుంది, ఫిష్ ఐ అంటారే, అదే. డాష్‌బోర్డ్ మెరిపించే స్ప్రేలు, టైర్ పాలిష్‌లు కూడా ఇదే కోవలోవి. రంగు పని ముగిసేదాకా వాటిని ఇంటి ముందు గదిలో పెట్టేయండి.

లైనింగ్‌కు తెల్ల ఫెవికాల్ వద్దు. దానిలోని నీరు ఇనుము పీల్చదు, ఆరదు, ఎండకు మళ్ళీ మెత్తబడుతుంది. ఫెవిక్విక్ పెళుసు, బండి అదురుకు విరుగుతుంది. కావాల్సింది ఫెవికాల్ ఎస్‌ఆర్ 998 లాంటి సింథటిక్ రబ్బర్ గమ్, కుషన్ షాపులవాళ్ళు వాడేదే. పాత గమ్, పొడిగా రాలే ఫోమ్ పూర్తిగా గీకేయాలి. ఎక్కువమంది లైనింగ్ మళ్ళీ ఊడేది ఇక్కడే, ఫోమ్ పొడి మీదే గమ్ పూస్తారు. రెండు వైపులా పల్చగా పూసి, వేలితో తాకితే అంటుకోనంతవరకు ఆగి, మధ్యనుంచి అంచులకు నొక్కుతూ పోండి. ఒకసారి తగిలిందంటే జరపడం కుదరదు. కమ్మీల మీద వేలాడే పాత తరహా లైనింగ్ అయితే అంచులకు మాత్రమే గమ్.

రెగ్జిన్‌కు వేరే లెక్క. పీవీసీ రెగ్జిన్‌లో మెత్తదనం కోసం కలిపిన నూనెలాంటి పదార్థం ఎండవేడికి కొంచెం కొంచెంగా గమ్‌లోకి దిగి, రబ్బర్ గమ్‌ను జిగురుగా చేసేస్తుంది. డోర్ ప్యాడ్ల రెగ్జిన్ రెండు ఎండాకాలాలకు ఊడివచ్చేది అందుకే. దానికి పీయూ గమ్ కావాలి, చెప్పుల సోళ్ళు అంటించేవాళ్ళ దగ్గర దొరికే రకం.

డోర్ బీడింగ్‌కు, అంటే డోర్ రబ్బర్లకు, మళ్ళీ రబ్బర్ గమ్మే. కానీ బండికి ఎన్‌సీ వేశారని మరిచిపోవద్దు, ఈ గమ్‌లోని టొలీన్ ఒక్క చుక్క పడితే రంగు కరుగుతుంది. అంచులన్నిటికీ మాస్కింగ్ టేప్ వేసుకుని పూయండి. ఏ రంగయినా పూర్తిగా గట్టిపడ్డాకే బీడింగ్ పని పెట్టుకోండి. బ్యాడ్జీల పిన్నులు విరిగిపోతే అక్రిలిక్ ఫోమ్ డబుల్ టేప్ చాలు, అంటించాక మూడు రోజులు నీళ్ళు తగలనీయకండి. ఫ్లోర్ కార్పెట్‌ను అసలు అంటించొద్దు, వదులుగా పరచండి. అప్పుడప్పుడూ ఎత్తి తడి ఉందో లేదో చూసుకోవచ్చు. మోతకు, వేడికి షీట్ వేయాలనుంటే బ్యుటైల్ రకం వేయండి. మేడ మీద వేసే తారు షీట్ మన మే నెలకు కరిగి వాసన కొడుతుంది.

ఇంకొకటి, రంగు ఎంచుకునేముందు ఆర్‌సీ తీసి చూడండి. అందులో రాసిన రంగు కాకుండా వేరేది వేస్తే ఆర్టీఓ ఆఫీసులో దాన్ని మార్పించుకోవాలి. అదే రంగు వేస్తే ఆ తిరుగుడు ఉండదు. వింటేజ్ రిజిస్ట్రేషన్ అని ఎవరైనా చెబితే నమ్మకండి, 2021 నిబంధనల ప్రకారం దానికి బండికి 50 ఏళ్ళు దాటాలి. మీది మామూలు రెన్యువల్లే.

సిల్‌ల కింద స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూసి, రెండు వైపులా ఫొటోలు పెట్టండి. మెత్తగా దిగితే రంగు డబ్బాలు ఇప్పుడే కొనకండి, ముందు వెల్డింగ్ ఎంతవరకు పడుతుందో చూసి చెబుతాను.